హార్బర్ సర్వే మీ పాలేనికి వస్తే ఏం అడగాలి, ఎలా అడగాలి

చేపల హార్బర్ కోసం సర్వే వాళ్లు ఒడ్డున జీపు ఆపి మూడుకాళ్ల స్టాండు ఇసుకలో నిలబెట్టగానే పాలెంలో మొదట పుట్టే మాట "ఎన్ని కోట్లంట?" అని. ఆ సంగతి పేపర్లో ఎలాగూ వస్తుంది. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె హార్బర్‌కు సుమారు 289 కోట్లయిందని, 1250 బోట్లకు సరిపడా కట్టారని, 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్ నుంచి దాన్ని ప్రారంభించారని మన తట్టు చాలామందికి తెలుసు. మీరు అడగాల్సింది వేరే. మొగ దగ్గర, అంటే బోట్లు లోపలికొచ్చే దారి దగ్గర, పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, ఎన్ని బారల (బారంటే ఆరడుగులు) నీళ్లుంటాయి? పదేళ్లు పోయాక కూడా అన్ని నీళ్లుండేట్టు చూసే బాధ్యత ఎవరిది?

నేను ప్రకాశం జిల్లా కొత్తపట్నం తట్టు పాలెంలో పుట్టినవాణ్ణి. సివిల్ డిప్లొమా చదివి, రేవు పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఏ పాలెం వాళ్లు పిలిచినా వెళ్లి అర్జీలు రాసిపెడుతుంటాను. హార్బర్ రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ట్రాక్టరు కట్టి బోటును ఇసుక మీద ఈడ్చే కష్టం, అలల్లో బోటు తిరగబడి మనిషి పోయిన ఇంటి కష్టం చూస్తూ పెరిగాను. అందుకే వచ్చే హార్బర్ నిలిచేట్టు రావాలంటాను.

ముందు ఇసుక సంగతి తెలుసుకోండి. మన తీరంలో మార్చి నుంచి అక్టోబరు దాకా అల ఇసుకను ఉత్తరానికి తోస్తుంది. ఈశాన్య గాలి మొదలయ్యాక దక్షిణానికి తోస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇసుక పోయేది ఉత్తరానికే. సముద్రంలోకి రాళ్లకట్ట వేశామంటే ఆ నడకకు అడ్డం పడ్డట్టే. కట్టకు దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. మద్రాసు హార్బర్‌కు దక్షిణాన మెరీనా బీచి అంత వెడల్పయింది ఇందుకే. ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు నిలవడానికి రాళ్లు పోయాల్సి వచ్చిందీ ఇందుకే. విశాఖలో పోర్టు దగ్గర తవ్విన ఇసుకను ఆర్కే బీచి వైపు పోస్తూనే ఉన్నారు. పైగా మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా మహా అయితే ఒక మీటరు అటూ ఇటూ. ఆ కాస్త నీటి ఊపుకు మొగ తనంతట తాను శుభ్రపడదు. తవ్వాలి, మళ్లీ మళ్లీ తవ్వాలి.

కాబట్టి సర్వే మొదలైన రోజే మీరూ కొలతలు మొదలుపెట్టండి. కట్ట రాబోయే చోటికి ఉత్తరాన, దక్షిణాన అల అందనంత ఎత్తులో సరుగుడు గుంజలు పాతండి. ప్రతి అమావాస్యకీ పౌర్ణమికీ పోటు వచ్చి ఆగిన గీత దాకా టేపుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. తేదీ, టైము, కొలిచినవాళ్ల సంతకం ఉండాలి. మొగలో లోతుకు పాత పద్ధతే చాలు: తాడుకు అర బారకొక ముడి వేసి, చివర ఇనుప గుండు కట్టి, ఎప్పుడూ ఒకే చోట, పాటు నీళ్లలో దించండి. ఫైబర్ బోటు అర బార నీళ్లలో తిరుగుతుంది. మరబోటుకు బారకు పైనే కావాలి, అల ఎగదోసి దించినప్పుడు అడుగు తగలకుండా ఇంకా కావాలి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు దొరుకుతాయి. చదువుకునే పిల్లలకు అప్పజెబితే మీ ఒడ్డు ఏ ఏడాది ఎక్కడుందో తీసిపెడతారు. కట్టకు ఉత్తరాన ఉన్న పాలెం పెద్దకాపులను కూడా పిలిపించండి. కోత పడేది వాళ్లకే. ఆ ఊరు మీ ఆడబిడ్డ అత్తగారి ఊరే అయి ఉంటుంది.

ఇక కాగితాలు. హార్బర్ కట్టించేది ఏపీ మారిటైం బోర్డు. స్థలం, అలలు, ఇసుక పరిశీలించే పని చాలాచోట్ల బెంగళూరులోని సీఐసీఈఎఫ్ అనే కేంద్ర సంస్థ చేస్తుంది. ఆ రిపోర్టు, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల రిపోర్టు) సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "మొత్తం వివరాలు ఇవ్వండి" అని రాయకండి. "ఏటా ఎంత పూడిక పడుతుందని లెక్కగట్టారు, తవ్వకం ఖర్చు ఏ పద్దులో చూపారు, ఉత్తరం ఒడ్డు కోతకు ఏం ప్రతిపాదించారు" అని విడివిడిగా రాయండి.

ఏడాదికి 10,000 టన్నులు, ఆపైన చేప దిగే హార్బర్‌కు 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ముందుగా పర్యావరణ అనుమతి కావాలి. అందులో ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వేయాలి, రిపోర్టు సారాంశం తెలుగులో దొరకాలి. సభను వీడియో తీయాలి. మీరు చెప్పినదాని సారాంశాన్ని చివర తెలుగులో చదివి వినిపించాలి. సభకు వెళ్లి చప్పట్లు కొట్టి, భోజనం పొట్లం తీసుకుని వచ్చేయడం నాకు కడుపు రగిలే సంగతి. మీ నోటుబుక్కు కాపీలు జతచేసి, రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. చివర చదివేటప్పుడు మీ మాట రాకపోతే అక్కడే లేచి అడగండి.

అక్కడ మగవాళ్లు జెట్టీ గురించి మాట్లాడతారు. ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. ఇప్పుడు బోటు ఒడ్డు తగలగానే గంప పట్టుకుని బేరమాడే అక్కలు, రేపు వేలం హాలులో పెద్ద లాట్లు పోతుంటే ఎక్కడ నిలబడాలి? నెత్తళ్లు ఎక్కడ ఎండబెట్టాలి? చిన్న లాటు వేలానికి చోటు, లారీల దారికి దూరంగా ఎండబెట్టే గచ్చు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, తెల్లవారుజామున లైట్లు ప్లానులోనే గీయించండి. తర్వాత వేయిస్తామనే మాట నమ్మకండి. అలాగే ఫైబర్ బోట్లకు విడిగా తక్కువ ఎత్తు జెట్టీ అడగండి. మరబోట్ల జెట్టీ ఎత్తుకు ఫైబర్ బోటులోంచి చేప అందించాలంటే నడుం విరుగుతుంది. 8 కిలోమీటర్ల లోపు మరబోటు వేట కూడదని మన రాష్ట్రంలో రూలుంది. హార్బర్ వాడకం నిబంధనల్లో దాన్ని రాయించండి, లేకపోతే సోనా బోట్ల (తమిళనాడు తట్టు నుంచి వచ్చే పెద్ద మరబోట్లు) తగాదా రేవులోకే వచ్చి కూర్చుంటుంది.

సరదా షికారు బోట్లకు జెట్టీ కూడా అడుగుదామంటే అడగండి, కుర్రాళ్లకు పని దొరుకుతుంది. కానీ అనుమతి, లైఫ్ జాకెట్, ఎక్కించే మనుషుల లెక్క లేకుండా ఒక్క బోటూ కదలకూడదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర మునిగింది అనుమతి లేని బోటు. పోయినవాళ్లలో ఎక్కువమంది మన ఒంగోలు వాళ్లు.

పని పూర్తయి అప్పజెప్పే రోజు బేసిన్ (లోపల బోట్లు నిలిచే నీళ్లు), మొగ లోతుల పటం కాపీ తీసుకోండి. తవ్వకానికి బాధ్యుడైన అధికారి హోదా రాతలో ఉండాలి. తర్వాత కూడా అమావాస్యకీ పౌర్ణమికీ గుండు దించడం మానకండి. ఆ పటం మీదున్న లోతు కంటే అర బార తగ్గిందంటే వేట నిషేధం దాకా ఆగొద్దు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి, నోటుబుక్కు పేజీలు జతచేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఎలాగూ ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఆ 61 రోజుల్లోనే తవ్వించమని అర్జీలో అడగండి. టెండరు పిలవడానికి టైము పడుతుంది, అందుకే సంక్రాంతి లోపే అర్జీ అందాలి.