కాలిఫోర్నియా మిషన్ల జ్ఞానస్నాన పుస్తకాలను చదవడం ఎలా?

1769లో శాన్ డియాగోతో మొదలుపెట్టి 1823 నాటికి ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన క్రైస్తవ గురువులు (పాద్రీలు) కాలిఫోర్నియాలో 21 మిషన్లను, అంటే ఆదివాసులను క్రైస్తవంలోకి చేర్చే మత కేంద్రాలను, నెలకొల్పారు. అక్కడి ఆదివాసుల చరిత్రను వెతికేవారు ముందుగా తెరవవలసింది, జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవారిని నమోదు చేసిన జ్ఞానస్నాన పుస్తకాన్నే.

ప్రతి నమోదుకూ ఉండే వరుస సంఖ్యను విడిగా రాసుకోండి. అదే మనిషి ఖననం నమోదులోనూ తరచుగా ఆ సంఖ్యే కనిపిస్తుంది. పేర్లను నమ్ముకుంటే దారి తప్పుతారు, ఎందుకంటే ఒక్క మిషన్‌లోనే ఎందరో మరియాలు, ఎందరో హువాన్‌లు ఉంటారు. తరువాత ‘రాంచెరియా’ అనే మాట పక్కనున్న పేరు చూడండి. అది ఆ వ్యక్తి సొంత ఊరు. స్పానిష్ గురువు తన చెవికి వినబడినట్టు రాసుకున్నది కాబట్టి ఒకే ఊరు మూడు నాలుగు రకాలుగా కనిపించవచ్చు, పైకి చదివి పోల్చుకోవాలి. ‘హెంతిల్’ అని ఉంటే ఆ తల్లో తండ్రో జ్ఞానస్నానం పొందలేదని అర్థం.

జ్ఞానస్నానానికీ ఖననానికీ మధ్య గడిచిన కాలాన్ని తప్పక లెక్కకట్టండి. పసిపిల్లల విషయంలో అది చాలాసార్లు గుండె బరువెక్కించేంత తక్కువ. ఆదివాసులు మిషన్‌కు ఇష్టపడి వచ్చారా, లేదా అన్నది మాత్రం ఆ నమోదుల్లో దొరకదు.

శాన్ డియాగో తొలి పుటల విషయంలో మరింత జాగ్రత్త అవసరం: 1775 నవంబరులో అక్కడి ఆదివాసులైన కుమెయాయ్ ప్రజలు తిరగబడి మిషన్‌ను తగలబెట్టినప్పుడు అసలు పుస్తకాలు కాలిపోగా, ఇప్పుడున్నవి ఆ తరువాత తిరిగి కూర్చినవి.