చేప పైకొచ్చి నోరు తెరిస్తే మేత వేయకండి

మొన్నటి మబ్బులకు అనంతపురం వైపు ఒక కుంటలో బంగారుతీగ చేపలు తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. ముందురోజు ఉదయం అవి గట్టు పక్కకు చేరి నోళ్లు తెరుస్తుంటే, కాపలా మనిషి ఆకలనుకుని ఇంకో రెండు బుట్టల తవుడు వేశాడట. ఈ ఒక్క పొరపాటుతో నష్టపోయిన రైతులను ప్రతి తొలకరికీ చూస్తున్నాను.

బంగారుతీగ అడుగున బురద కెలికి తినే చేప. అది తెల్లవారుజామున మీదికొచ్చి గుటకలు వేస్తోందంటే ఆకలై కాదు, ఊపిరాడక. పగలు ఎండకు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే వాడుకుంటుంది. మబ్బు పడితే పగటి నిల్వే తక్కువ. పైగా ఎండాకాలం పోయేసరికి కుంటలో నీళ్లు తగ్గి ఉంటాయి, చేప పెరిగి ఉంటుంది. అప్పుడు మేత పడితే, తిన్న చేపకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లుతూ, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తుంది, చేపకు విషమైన అమ్మోనియాను పెంచుతుంది.

అనుమానంగా ఉంటే గట్టు మీద నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. బాగున్న చేప చటుక్కున మునుగుతుంది. ఊపిరాడనిది అక్కడే నోరు తెరుచుకుని ఉంటుంది. దానికి మేత వేయకండి.

మేత లెక్క: ఎండ బాగా కాసే రోజుల్లో 100 కిలోల చేపకు రోజుకు 2–3 కిలోలు చాలు. బంగారుతీగకు జీర్ణాశయం ఉండదు, అంతా పేగే. ఒకేసారి కుమ్మరిస్తే ఒంటబట్టదు, అందుకే రెండు మూడు పూటలుగా ఇవ్వాలి. మొదటి మేత పొద్దు బాగా ఎక్కాకే. నీళ్లలో గుంజకు కట్టిన చిల్లుల మేత సంచిని రెండు గంటల తర్వాత పైకి లాగి చేత్తో నొక్కి చూడండి. లోపల తవుడు ముద్దగా తగిలి పులుపు వాసన వస్తే మర్నాడు సగమే వేయండి. అమ్మకానికి ముందు తూకం కోసం రెట్టింపు వేసేవాళ్లున్నారు. పెరిగేది చేప కాదు, అడుగున బురద.

మబ్బు పట్టిన రోజు మేత సగం. ముసురైతే అసలు వద్దు. ఒకటి రెండు రోజులు పస్తున్నంత మాత్రాన ఏ చేపా చావదు.

కుంటలో వేసే పేడ, యూరియా ఈ మబ్బు రోజుల్లో ఆపండి.

ఊపిరాడని చేపకు బోరు నీళ్లు పెడుతుంటే, వాటిలోనూ ఆక్సిజన్ తక్కువే. పైపు నీళ్లలో ముంచకుండా ఎత్తు నుంచి చిమ్మేలా పెట్టండి. బోరు లేకపోతే కుంట నీళ్లనే తోడి తిరిగి చిమ్మండి.

గాలీవానకు కరెంటు పోతుంది. డీజిల్ ఇంజన్ ముందే సిద్ధంగా ఉంచుకోండి.

తడి చేతులతో స్టార్టర్ ముట్టకండి.

మందు కొట్టిన టమాటా, పత్తి చేల నీళ్లు కుంటలోకి రానీయకండి.

మళ్లీ చెబుతున్నా, తెల్లారి నోరు తెరిచిన చేపకు మేత వద్దు. కాపలా మనిషికి ఈ మాట ఫోన్‌లో కాదు, కుంట దగ్గర నిలబెట్టి చెప్పండి.

చచ్చినవాటిని వెంటనే ఏరి దూరంగా పూడ్చండి. అమ్మకండి.

బూజు పట్టిన చెనక్కాయ చెక్క తవుట్లో కలపకండి, ఎంత చవకగా వచ్చినా సరే. ఆ బూజు విషం చేప కాలేయాన్ని పాడుచేస్తుంది, ఎండబెట్టినా పోదు.