అన్నం పళ్ళెం ముందు ఫోన్: మా ఇంట్లో ఎలా మాన్పించాం

మా అబ్బాయి రెండో తరగతికి వచ్చేసరికి, ఎదురుగా ఫోన్‌లో బొమ్మలు ఆడుతుంటే తప్ప ముద్ద మింగని స్థితికి చేరాడు. రెండేళ్ళ వయసులో పప్పన్నం త్వరగా తినిపించడానికి వాడి చేతికి ఫోన్ ఇచ్చింది నేనే. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు ఒక గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించిన సంగతి అప్పట్లో నాకు తెలియదు.

మొదట ఫోన్‌కు లాక్ పెట్టాను. నా వేలి కదలిక చూసి రెండు రోజుల్లోనే వాడు ఆ గీత నేర్చేసుకున్నాడు. ఒక రాత్రి, "నాన్న కూడా చూస్తూనే తింటున్నాడుగా?" అని అడిగినప్పుడు, మారవలసింది ముందు మేమేనని అర్థమైంది.

ఛార్జర్లన్నీ పడకగదిలోంచి తీసి హాల్లోని అలమరలో పెట్టాం. రాత్రి ఏడున్నర నుంచి మా ఇద్దరి ఫోన్లతో పాటు అత్తయ్యగారిది కూడా అక్కడే ఉంటుంది. ఎవరైనా అవసరపడి చేస్తే వినిపించేలా రింగు మాత్రం పెంచి ఉంచుతాం. యూట్యూబ్‌లో ఆటోప్లే తీసేశాక, ఒక వీడియో ముగియగానే మరొకటి దానంతటదే మొదలవదు కనుక, పగటిపూట ఆపించడమూ తేలికైంది. మొదటి నాలుగు రోజులు పళ్ళెం తోసేసి ఏడ్చాడు. బుజ్జగించాం కానీ ఫోన్ తీయలేదు. ఐదో రోజు వాళ్ళ నాయనమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, పక్కన కూర్చుని గింజలు మూడేసి చొప్పున పేరుస్తూ మూడో ఎక్కం అప్పజెప్పాడు. ఇప్పుడు నేను మరిచిపోయినా, ఏడున్నరకు నా ఫోన్ అలమరలో పెట్టి వచ్చేది వాడే.