లాస్ట్ సీన్ దగ్గరే ఆగిపోయారా? సమస్య - పరిష్కారం

వెళ్లిపోయిన మనిషిని మనసు వదలకపోతే అందరూ "గుండె గట్టి చేసుకో" అంటారు. ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. గుండె సంగతి తర్వాత, ముందు చేతిలో ఉన్న ఫోన్ సంగతి చూద్దాం.

సమస్య: నిద్ర లేవగానే వాట్సాప్‌లో వాళ్ల లాస్ట్ సీన్ చూస్తున్నారు. అర్ధరాత్రి ఆన్‌లైన్‌లో కనిపిస్తే, ఎవరితో మాట్లాడుతున్నారోనని టెన్షన్.

కారణం: అది ప్రేమ ఎక్కువై కాదు, ఆశ తెగక. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో ప్రయోగాలు చేశాడు. మీటను పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు ఆగిపోతే తొందరగానే మానుకుంటుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడూ దొరికినది మాత్రం అంత తొందరగా మానదు, చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. పది మెసేజ్‌లకు ఒక "ఊఁ" వచ్చే బంధం అచ్చం ఇలాంటిదే. రోజూ ప్రేమగా మాట్లాడినవాళ్లకంటే, బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే మాట్లాడినవాళ్లే మనసుకు ఎక్కువగా అతుక్కుపోయేది ఇందుకే.

పరిష్కారం: వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి మీ లాస్ట్ సీన్ ఎవరికీ కనబడకుండా పెట్టండి, ఆన్‌లైన్ కూడా అలాగే. మీది దాచుకుంటే అవతలివాళ్లదీ మీకు కనబడదు. ఇలా వాడుకోవడానికే ఆ రూల్ పెట్టారేమో అనిపిస్తుంది నాకు. వాళ్ల స్టేటస్ మ్యూట్ చేయండి. చాట్ ఆర్కైవ్ చేస్తే చాలదా అంటే, చాలదు. అదెక్కడుందో బొటనవేలికి తెలుసు. బ్లాక్ చేయడం చిన్నపిల్లల పని అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. మొదటి రోజుల్లో ఆరాటం తగ్గకపోగా పెరుగుతుంది. గింజలు ఆగిన పావురం కూడా ముందు ఇంకా గట్టిగా పొడుస్తుంది. సరిగ్గా ఇక్కడే "ఇంత బాధగా ఉందంటే ఇది నిజమైన ప్రేమే" అనుకుని మెసేజ్ పెట్టేస్తాం. నేనూ పెట్టాను, రెండుసార్లు.

సమస్య: తలచుకోకూడదు అనుకున్నకొద్దీ ఇంకా గుర్తొస్తున్నారు.

కారణం: మనసు తీరే అంత. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, గుర్తొస్తే గంట కొట్టమని చెప్పింది. గంట మోగుతూనే ఉంది. వద్దన్నది గుర్తొచ్చిందా లేదా అని చూసుకోవాలన్నా దాన్నే తలచుకోవాలి మరి.

పరిష్కారం: తలచుకోండి, కానీ టైమ్ పెట్టుకుని. సాయంత్రం ఆరింటికి డాబా మీద ఇరవై నిమిషాలు, నోట్‌బుక్‌తో. ఏడుపొస్తే ఏడవండి. మధ్యాహ్నం గుర్తొస్తే "ఆరింటికి చూద్దాం" అని పక్కన పెట్టండి. కొన్నాళ్లకు ఆరవుతుంది, రాయడానికేమీ ఉండదు.

సమస్య: వాళ్లకు అవసరం పడితే ఫోన్ చేస్తారు, మీరు పరుగెత్తుతారు.

కారణం: పనికొస్తేనే మనకు విలువ అన్న భయం. ఇది చాలామందికి ఈ బంధంతో మొదలైంది కాదు, ఇంట్లో చిన్నప్పుడే పడిన అలవాటు.

పరిష్కారం: "రేపు చెప్తాను" అనండి, అంతే. చాలా అవసరాలు రేపటిదాకా ఆగవు, వేరేవాళ్లు తీర్చేస్తారు. ఆ సంగతి కాస్త నొప్పిగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

సమస్య: ఉమ్మడి ఫ్రెండ్ ద్వారా కబుర్లు అందుతున్నాయి.

పరిష్కారం: కారణం వెతకక్కర్లేదు, అడుగుతున్నది మీరే. "నేను అడిగినా చెప్పకురా" అని ఫ్రెండ్‌తో ముందే ఒట్టు వేయించుకోండి.

నిద్ర, తిండి వారాల తరబడి తప్పినా, చచ్చిపోదామనిపించినా ఈ చిట్కాలతో కూర్చోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కాల్ ఉచితం, పగలైనా రాత్రైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

సమస్య: రెండు నెలలు ఆగి, ఒక రాత్రి "ఎలా ఉన్నావ్" అని పెట్టేశారు.

పరిష్కారం: రెండు నెలలూ వృథా కాలేదు. జవాబు రాకపోతే మంచిదే. వస్తే అది గింజ. చాట్ డిలీట్ చేసి, మళ్లీ ప్రైవసీ సెట్టింగ్స్ దగ్గరికి వెళ్లండి. ఈపాటికి ఏదో ఒకటి మీరే తిరిగి ఆన్ చేసుకుని ఉంటారు.