వేసవి సెలవుల్లో కాంచనబురి వెళ్తున్నారా? ముందే ఈ జాగ్రత్తలు

పిల్లలకు సెలవులని మనవాళ్లు చాలామంది ఏప్రిల్, మే నెలల్లోనే థాయ్‌లాండ్ వెళ్తుంటారు. బ్యాంకాక్ దాకా వెళ్లాం కదా అని కాంచనబురి 'చావు రైలు' దారి కూడా చూడాలనుకుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం యుద్ధఖైదీలతో, ఆసియా కూలీలతో థాయ్‌లాండ్ నుంచి బర్మాకు వేయించిన రైలుమార్గం అది. తప్పకుండా చూడండి. కాకపోతే అక్కడా అవి మండువేసవి రోజులే, ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది.

ఈ ఎండలోనే ఆ దారి పనికి రోగులను కూడా తరలించారు. 1943 ఏప్రిల్‌లో సింగపూర్ చాంగీ శిబిరం నుంచి 7,000 మంది బ్రిటిష్, ఆస్ట్రేలియన్ యుద్ధఖైదీలను జపాన్ సైన్యం రైలెక్కించింది. ఆ దళం పేరు 'ఎఫ్ ఫోర్స్'. కొండల్లో తిండి బాగుంటుంది, జబ్బుపడ్డవాళ్లు కోలుకుంటారు అని చెప్పారు. ఆ మాట మీద అనారోగ్యంతో ఉన్న దాదాపు 2,000 మంది కూడా ఎక్కారు. అవి సరుకులు మోసే ఇనప వ్యాగన్లు. ఒక్కోదాంట్లో 30 మంది దాకా. పడుకోవడానికి చోటు లేదు, పగలు రేకు కాలిపోయేది. నాలుగైదు రోజులకు థాయ్‌లాండ్‌లోని బాన్‌పాంగ్‌లో దించి, అక్కణ్నుంచి దాదాపు 300 కిలోమీటర్లు అడవిలో రాత్రిళ్లు నడిపించారు. ఆపైన వానలు, కలరా. ఆ 7,000 మందిలో 3,000 మందికి పైగా తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆ పట్టాల మీద చివరి స్టేషన్ నామ్‌టోక్ దాకా నడిచే మామూలు రైల్లో ఏసీ ఉండదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. కాంచనబురి నుంచి వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చుంటే నది కనిపిస్తుంది. కుడి వైపు పిల్లలుంటే మాత్రం వాళ్ల మీద కన్నేసి ఉంచండి. వాంగ్‌ఫో దగ్గర చెక్క వంతెన మీద రైలు కొండరాతిని దాదాపు ఆనుకుని పోతుంది, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టనివ్వకూడదు. రైళ్లు రోజుకు కొన్నే కాబట్టి తిరుగు రైలు వేళ ముందే కనుక్కోండి. కాంచనబురిలోని క్వాయ్ నది రైలు వంతెన మీద నడుస్తుండగా రైలు వస్తే పరుగెత్తకండి, పక్కన నిలబడేందుకు కట్టిన చోట్లు ఉన్నాయి.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది హెల్‌ఫైర్ పాస్ దగ్గర. ఖైదీలు సుత్తులతో, ఉలులతో కొండను తొలిచిన చోటు అది. మ్యూజియం నుంచి కిందికి మెట్లు చాలా ఉన్నాయి. దిగడం తేలికే, ఎక్కేటప్పుడే ఆయాసం. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను మ్యూజియంలోనే కూర్చోబెట్టండి, అక్కడి ప్రదర్శన చూడటానికే గంట పడుతుంది. కంకర దారికి చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకోండి. ఎండెక్కకముందే, ఉదయమే నడక ముగించండి. తల తిరిగినా, చెమట పట్టడం ఆగినా వెంటనే నీడకు చేరి సిబ్బందిని పిలవండి. ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఆస్ట్రేలియన్లు తమవాళ్లకు అక్కడ నివాళి అర్పిస్తారు. ఆ రోజు జనం ఎక్కువ. వెళ్తే మౌనంగా ఉండండి, ఫొటోల కోసం ముందుకు తోసుకోకండి.

జూన్ దాటాక దారి జారుతుంది, దోమలూ ఎక్కువే, కాబట్టి నిండు చేతుల బట్టలు తప్పనిసరి. బర్మా వైపు ఈ రైలుమార్గం చివర ఉన్న థాన్‌బ్యూజయాత్ దాకా వెళ్లాలనే ఆలోచన ఇప్పట్లో పెట్టుకోకండి, అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది.

కాంచనబురి యుద్ధ శ్మశానంలో 6,982 మంది యుద్ధఖైదీల సమాధులున్నాయి. అక్కడ నీడ తక్కువ, సాయంత్రం వెళ్లండి. మలయా తోటల నుంచి ఈ పనికి తోలుకొచ్చిన తమిళులు, తెలుగువాళ్లు ఆ వరసల్లో ఉండరు. వేలల్లో చనిపోయిన ఆసియా కూలీలకు విడి సమాధులు గానీ, రాళ్ల మీద పేర్లు గానీ దక్కలేదు. దగ్గర్లోనే ఉన్న వాట్ థావొర్న్ గుడి ఆవరణలో వాళ్ల అస్థికలను ఒక్కచోట ఉంచి కట్టిన సమాధి ఉంది. చాలా టూరు ప్యాకేజీల్లో అది ఉండదు, అడిగి ఆపించుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, గుడి లోపలికి వెళ్తే చెప్పులు బయటే విడవండి. పూలు మాత్రం ముందే కొని దగ్గర పెట్టుకోండి.