ప్రైవేటు బడిలో ఉచిత సీటుకు అప్లై చేస్తున్నారా? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు చూసుకోవాల్సినవి

సర్కారు తన బళ్లను తనే బాగా నడపాలా, పేదపిల్లల ఫీజు భరించి ప్రైవేటులో చదివించాలా అన్న వాదన తెగేది కాదు. ప్రైవేటు సీట్లతో ఊరి బడిలో పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే టీచర్ పోస్టులూ తగ్గుతాయి అన్నది ఒక వైపు మాట. ఊరి బడి బాగుపడేదాకా మా బిడ్డ వయసు ఆగుతుందా అన్నది రెండో వైపు. రెండూ న్యాయమైనవే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం రెంటికీ దారి పెట్టింది. 12(1)(సి) సెక్షన్ కింద ప్రైవేటు బళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బడుగు పిల్లలకు ఇవ్వాలి. ఇది ఎవరి దయా కాదు, హక్కు.

మన రాష్ట్రంలో వంద సీట్లుంటే ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథలకు, దివ్యాంగులకు, హెచ్ఐవీ బాధిత పిల్లలకు 5, మిగతా పేదలకు 6. ఈ చివరి 6 సీట్లకు ఆదాయ పరిమితి ఉంది: పల్లెలో ఏడాదికి 1.20 లక్షలు, పట్నంలో 1.44 లక్షలు. బిడ్డకు ఐదేళ్లు నిండాలి. స్టేట్ సిలబస్‌కు జూన్ 1, సీబీఎస్ఈకి ఏప్రిల్ 1 లెక్క. మైనారిటీ హోదా ఉన్న బళ్లకు ఈ కోటా వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మిషన్ స్కూలు మీద ఆశ పెట్టుకునేముందు దాని హోదా కనుక్కోండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. సచివాలయంలోనో నెట్ సెంటర్‌లోనో పెట్టించొచ్చు. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. సెంటర్ వాళ్ల నంబరు పడితే లాటరీలో సీటొచ్చిందన్న మెసేజ్ వాళ్లకు పోతుంది, గడువులోగా చేరకపోతే సీటు పోతుంది. బిడ్డ పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే నోటిఫికేషన్ రాకముందే దిద్దించుకోండి. తిరుపతిలో అద్దెకుంటూ ఆధార్‌లో ఊరి అడ్రసు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సీటు ఇచ్చేటప్పుడు ఇంటికి బడి ఎంత దూరమో చూస్తారు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు దగ్గర పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి శ్రీకాళహస్తి వాళ్ల పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. ఫారంలో మాత్రం తిరుపతి జిల్లా అని ఎంచుకోవాలి.

సీటొచ్చాక బడివాళ్లు బిడ్డకు పరీక్ష పెడతామన్నా, డొనేషన్ అడిగినా 13వ సెక్షన్ ఒప్పుకోదు. డొనేషన్ తీసుకుంటే దానికి పది రెట్ల దాకా, పరీక్ష పెడితే మొదటిసారి 25,000 దాకా జరిమానా. పుస్తకాలు, యూనిఫాం, బస్సు ఎవరి ఖర్చో చేరేరోజే కాగితం మీద రాయించుకోండి. నోటి మాట నమ్మొద్దు. చేర్చుకోకపోతే మండల విద్యాశాఖాధికారికి రాసిచ్చి రశీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. స్థానిక సంస్థకు ఇచ్చే ఫిర్యాదు మూడు నెలల్లో తేల్చాలని 32వ సెక్షన్ చెబుతోంది.

లాటరీలో రాకపోతే సర్కారు బడిని రెండో రకంగా చూడకండి. అక్కడ తల్లిదండ్రుల కమిటీలో నాలుగింట మూడొంతుల సభ్యులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నిధుల ఖర్చు చూసే హక్కు కమిటీదే. అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలి. ఒక్కరే ఉంటే తీర్మానం రాసి పై ఆఫీసుకు పంపండి. ఊరి బడి బాగు కోరే వాదన నిజంగా గట్టిపడేది ఆ తీర్మానాల పుస్తకంలోనే.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది: ఉచిత సీటు ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిది నుంచి ఫీజు కట్టాలి, లేదా జెడ్పీ హైస్కూలుకు మారాలి. మారేటట్టయితే టీసీ ఏడాది ఆఖర్లోనే అడిగి తీసుకోండి.