ఆటోక్యాడ్‌లో ఒక లైబ్రరీ నుంచి మరో లైబ్రరీకి బ్లాకులు చేర్చే పద్ధతి

తలుపులు, కిటికీలు, వాష్‌బేసిన్లు, మంచాలు, కార్లు వంటి బ్లాకులు, అంటే ఒకసారి గీసి మళ్లీ మళ్లీ వాడుకునే బొమ్మలు, ఏళ్ల తరబడి నడుస్తున్న ఏ డ్రాయింగ్ ఆఫీసులోనైనా నాలుగైదు డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్) ఫైళ్లలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వాటిని ఒకే లైబ్రరీ ఫైలులోకి తేవడం చూడటానికి చిన్న పనే. అయితే బ్లాకుతో పాటు గీతలే కాక దాని యూనిట్, లేయర్లు (గీతలను విడివిడిగా ఉంచే పొరలు), బేస్ పాయింట్ (బ్లాకును పట్టుకుని ఉంచే బిందువు), పేరు కూడా వెంట వస్తాయి కనుక, వీటిని ముందుగా సరిచూసుకోకపోతే పాత లైబ్రరీలోని తప్పులన్నీ కొత్తదానిలోకి చేరిపోతాయి.

మొదట పాత లైబ్రరీ ఫైలును, కొత్త లైబ్రరీ ఫైలును రెండింటినీ వేరే పేరుతో భద్రపరచుకోవాలి. తర్వాత కొత్త ఫైలును తెరిచి, కంట్రోల్, 2 కలిపి నొక్కితే డిజైన్ సెంటర్ వస్తుంది. అందులో ఎడమవైపు పాత ఫైలును వెతికి, దాని కింద ఉన్న బ్లాక్స్ మీద క్లిక్ చేస్తే ఆ ఫైలులోని బ్లాకులన్నీ బొమ్మలతో సహా కుడివైపు కనిపిస్తాయి. కావలసినదాన్ని డ్రాయింగులోకి లాగి వదిలితే చాలు. పాత ఫైలును తెరవవలసిన అవసరం లేదు.

ఎక్కువ మంది తడబడేది యూనిట్ల దగ్గర. మన దగ్గర మేస్త్రీతో మాట అడుగులు, అంగుళాలలో నడుస్తుంది. అనుమతి ప్లాన్‌లో మాత్రం కొలతలు మీటర్లలో ఉంటాయి, 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల 168వ నంబరు జీవో సెట్‌బ్యాక్‌లను (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీలను) చెప్పేదీ మీటర్లలోనే. అందుచేత ఒకే ఆఫీసులో రెండు రకాల ఫైళ్లు తయారవుతాయి. మిల్లీమీటర్లలో 900 వెడల్పుతో గీసిన తలుపు బ్లాకుకు యూనిట్‌గా పొరపాటున అంగుళాలు నమోదై ఉంటే, అంగుళాల డ్రాయింగులో అది 75 అడుగుల తలుపుగా వాలుతుంది. డ్రాయింగు యూనిట్‌ను తెలిపే ఇన్‌సయూనిట్స్ (INSUNITS) అనే వేరియబుల్ విలువ అంగుళాలకు 1, మిల్లీమీటర్లకు 4, మీటర్లకు 6 అని గుర్తుంచుకుంటే మంచిది. ఆ విలువను మార్చినంత మాత్రాన ఫైలులో అప్పటికే ఉన్న బ్లాకుల సొంత యూనిట్ మారదు. అలాంటి బ్లాకును బ్లాక్ ఎడిటర్‌లో తెరిచి, దేనినీ ఎంచుకోకుండా ప్రాపర్టీస్‌లో యూనిట్‌ను సరిచేసి సేవ్ చేయాలి.

పేర్ల విషయం ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే ఇక్కడ తప్పు కంటికి కనబడదు. కొత్త ఫైలులో అదే పేరుతో బ్లాకు ఉంటే, మీరు లాగి తెచ్చినది పక్కకు పోయి అక్కడున్న పాత నిర్వచనమే నిలుస్తుంది. ఒక అపార్ట్‌మెంట్ పనిలో నేను సవరించిన తలుపు బ్లాకును ఇలాగే తెచ్చి, మారిందనే నమ్మకంతో రెండు ఫ్లోర్ల ప్లాన్లు ప్రింట్ తీశాను. మారలేదని ప్రింట్ మీద స్కేలు పెట్టి కొలిచినప్పుడు గాని తెలియలేదు. కొత్త నిర్వచనమే కావాలంటే డిజైన్ సెంటర్‌లో బ్లాకు మీద రైట్ క్లిక్ చేసి రీడిఫైన్ ఓన్లీ ఎంచుకోవాలి. బ్లాకులో అట్రిబ్యూట్లు (బ్లాకుతో పాటు ఉండే, మార్చుకోదగిన అక్షరాలు) ఉంటే ఆ తర్వాత అట్‌సింక్ (ATTSYNC) కమాండ్ ఇవ్వాలి. రెండూ ఉండాలనుకుంటే తీసుకురాకముందే పాత ఫైలులో రీనేమ్ చేయాలి. డోర్1 వంటి పేర్ల కంటే కొలత తెలిసే పేర్లే నయం.

లేయర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: ఒకే పేరున్న లేయర్ రెండు ఫైళ్లలోనూ ఉంటే, కొత్త ఫైలులో అప్పటికే ఉన్న రంగు, లైన్‌టైప్ (గీత రకం) నిలుస్తాయి. బ్లాకులోని గీతలను 0 లేయరులో, రంగును బైలేయర్‌గా (లేయర్ రంగే వచ్చేలా) ఉంచితే అవి ఏ లేయరులో ఇన్సర్ట్ చేస్తే దాని రంగునే తీసుకుంటాయి.

అన్నీ చేరాక, వాడని వాటిని తీసేసే పర్జ్ కమాండ్ ఇవ్వాలని చెయ్యి ఆత్రపడుతుంది. డ్రాయింగులో ఒక్కసారైనా ఇన్సర్ట్ చేయని బ్లాకులను పర్జ్ తుడిచేస్తుంది కనుక, లైబ్రరీ ఫైలులో ప్రతి బ్లాకునూ వరుసల్లో ఒక్కొక్కటిగా పరిచి ఉంచాలి. తర్వాత ఖాళీ డ్రాయింగులోకి ఒక్కొక్క బ్లాకును తెచ్చి డిస్టెన్స్ కమాండ్‌తో వెడల్పు కొలిచి చూడాలి. టూల్ ప్యాలెట్లు (బ్లాకులను బటన్లుగా పెట్టుకునే పలకలు) వాడేవారు ఒక్కొక్క టూల్ ప్రాపర్టీస్‌లో సోర్స్ ఫైల్ చిరునామాను కొత్త లైబ్రరీకి మార్చిన తర్వాతే పాత ఫైలును తొలగించాలి.